పీరియడ్‌కో తప్పు

మా నానమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో ఆవిడ గురించి నా చెవిన పడినన్ని కోతలు ఎన్నికలప్పుడు కూడా పడలేదు. మొన్న ఆవిడ పనిచేసిన స్కూల్లో సంస్మరణ సభ పెట్టారు. ఒకాయన లేచి, టీచరు గారికి కోపమంటే ఏమిటో తెలీదన్నాడు. ఆయన చెవి పట్టుకుని నానమ్మ మెలితిప్పుతుంటే చిన్నప్పుడు అదే క్లాసులో నేను వెనక బెంచీలో కూర్చుని కళ్ళారా చూశాను. ఇంకొకావిడ, పిల్లల్ని ఏనాడూ పల్లెత్తు మాట అనేవారు కాదంది. నిజమే, మాట అనేది కాదు, డస్టరు విసిరేది. చచ్చినవాడి కళ్ళు చారెడని పెద్దలు ఊరికే అనలేదు.

వీటన్నిటికీ నేను నోరు మూసుకునే కూర్చున్నాను. అది నాకు అలవాటు లేని పని. ఆఖర్న హెడ్మాస్టరు లేచి, "చివరి రోజు దాకా మనందరికీ పరీక్ష పెడుతూనే వెళ్ళిపోయారు" అని కళ్ళు తుడుచుకున్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం కుర్చీలో ముళ్ళు మొలిచినట్టయింది. ఎందుకంటే ఆ ఒక్క అబద్ధం ఆయనది కాదు, నాది. నానమ్మతో కలిసి అల్లాను, నేనే రెండేళ్ళు మోశాను. తను బతికున్నంత కాలం ఎవరికీ చెప్పనని నానమ్మకి మాటిచ్చాను. పోయాక నీ ఇష్టమే అంది ఆవిడ. ఇప్పుడు స్కూలు వాళ్ళు సావనీరు వేస్తున్నారట, మీ నానమ్మ గురించి రెండు పేజీలు రాయండమ్మా అని కాగితాలు కూడా ఇచ్చి వెళ్ళారు. రాస్తున్నాను. వేస్తే వేస్తారు, లేకపోతే పొట్లాలు కట్టుకుంటారు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను మోటార్లకు వైండింగ్ చేస్తాను. కాలిపోయిన ఫ్యానో నీళ్ళ మోటారో తెస్తే, లోపల మాడిన రాగితీగ పీకి కొత్త తీగ చుట్టి ఇస్తాను. షాపు మా ఇంటి ముందుగదిలోనే. నాకు పదేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ పోతే నానమ్మ నన్ను తెచ్చుకుని పెంచింది. నా నోరు మంచిది కాదని వీధి వీధంతా చెప్పుకుంటుంది. పని మంచిది కాబట్టి మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

ఇక నానమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళు ఐదో తరగతికి పాఠాలు చెప్పింది. లెక్కలు, సైన్సు, భూగోళం అన్నీ ఆవిడే. ఆవిడకొక పద్ధతి ఉండేది. ప్రతి పీరియడ్‌లోనూ పాఠంలో కావాలని ఒక తప్పు పెట్టేది. ఒక్కటంటే ఒక్కటే, రెండోది ఎప్పుడూ లేదు. అదెక్కడుందో పిల్లలు కనిపెట్టాలి. కనిపెట్టినవాళ్ళు చెయ్యెత్తి "తప్పు టీచర్" అనాలి. అక్కడితో అయిపోదు. ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసి "ఎలా తెలుసు?" అనేది. పుస్తకంలో ఉంది టీచర్ అంటే కుదరదు. పుస్తకం రాసినవాడికి తప్పు రాకూడదని రూలుందా అనేది. నిరూపించాలి. నిరూపించినవాళ్ళు ఆ సాయంత్రం ఇంటిబెల్లు కొట్టొచ్చు. ఉత్తినే చెయ్యెత్తినవాళ్ళు వారం రోజులు బోర్డు తుడవాలి.

ఇంటిబెల్లు కొట్టడం కోసం పిల్లలు ప్రాణాలిచ్చేవాళ్ళు. ఇప్పటి హెడ్మాస్టరు కూడా ఆ రోజుల్లో ఆవిడ శిష్యుడే. ఒకరోజు మంచుగడ్డ నీళ్ళలో మునుగుతుందని చెప్పిందట నానమ్మ. ఈయన చెయ్యెత్తి, ఎలా తెలుసు అనగానే గోడ దూకి సోడా కొట్టుకు పరిగెత్తి, టోపీలో మంచుగడ్డ వేయించుకుని వచ్చాడు. గడ్డ పెద్దదే, దారే పొడుగు. క్లాసుకు వచ్చేసరికి నిమ్మకాయంత మిగిలింది, చొక్కా అంతా తడిసింది. గ్లాసులో వేస్తే ఆ నిమ్మకాయంత ముక్కే తేలింది. గోడ దూకినందుకు చెవి మెలితిప్పి, నిరూపించినందుకు బెల్లు కొట్టనిచ్చింది.

ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సరిగ్గా అప్పుడే నానమ్మ బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసింది. ఆయన కుర్చీలోంచి లేచి ఏమిటమ్మా ఇది అని గద్దించబోయాడు. చెయ్యెత్తి చెప్పండి సార్ అని క్లాసంతా ఆయన్నే కసిరింది. పాపం ఆయన ఎత్తాడు. ఎలా తెలుసు అంది నానమ్మ. ఎక్కంలో ఉంది కదా అన్నాడాయన. ఎక్కం మీకెవరు చెప్పారు, వాళ్ళకెవరు చెప్పారు అని ఈవిడ. ఆఖరికి ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా లాక్కుని, నేల మీద కూర్చుని, గులకరాళ్ళు ఎనిమిదేసి చొప్పున ఏడు వరసలు పేర్చి లెక్కపెట్టాడు. సాయంత్రం బెల్లు ఆయనదే. ఎంత మురిసిపోయి ఎంతసేపు కొట్టాడంటే, పక్క వీధిలో హైస్కూలు పిల్లలు కూడా సంచులు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఇంట్లోనూ ఇదే గోల. వాన పడుతుంటే ఎండ కాస్తోందనేది, నేను చెయ్యెత్తి, వాకిట్లోకి వెళ్ళి తడిసి వచ్చి చూపించాలి. రిటైరయినా ఆ అలవాటు పోలేదు. చూడ్డానికి వచ్చిన పాత శిష్యులకు కూడా మాటల్లో ఒక తప్పు పెట్టి పంపేది. వాళ్ళు బస్‌స్టాపు దాకా వెళ్ళి, అక్కడ గుర్తొచ్చి, వెనక్కి పరిగెత్తుకొచ్చి చెప్పేవాళ్ళు.

అందుకే డెబ్బై ఏడో ఏట ఆవిడ తాళంచెవి పంచదార డబ్బాలో పెట్టినప్పుడు నేను ఎగిరి గంతేశాను. తప్పు దొరికింది. చెయ్యెత్తాను. శెభాష్ అంది. ఇంకోరోజు టీలో ఉప్పు. చెయ్యెత్తాను. మరో రోజు ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నాది. పేపరబ్బాయిని పోస్ట్‌మాన్ అని పిలిచింది. ఆదివారం పూట స్కూలుకి టైమైందంది. అన్నీ కనిపెట్టేశాను. ఆ ఏడాది నా తెలివి మీద నాకు నమ్మకం అమాంతం పెరిగిపోయింది. చిన్నప్పుడు వారానికి ఒకటి కూడా దొరికేది కాదు, ఇప్పుడు రోజుకొకటి దొరుకుతోంది, ముదిరిన కొద్దీ బుర్ర పదునెక్కుతోందని ఎదురింటావిడకు గొప్పలు కూడా పోయాను. నా అంత తెలివితక్కువ మనిషి ఈ భూప్రపంచంలో ఉండదు.

ఒక ఉదయం నేను పెద్ద మోటారొకటి విప్పి, ఏ తీగ ఎటు పోయిందో గుర్తు పెట్టుకుంటూ పీకుతున్నాను. అది మధ్యలో ఆపితే మొదటికొస్తుంది. నానమ్మ వచ్చి, మీ నాన్న ఆఫీసు నుంచి ఇంకా రాలేదేమిటంది. చెయ్యెత్తాను. కాసేపటికి మళ్ళీ వచ్చి స్టవ్ ఆర్పేశానంది. వెళ్ళి చూస్తే మండుతూనే ఉంది, గిన్నె మాడిపోతోంది. ఆర్పి వచ్చి, చెయ్యెత్తాను. మూడోసారి వచ్చి, ఈ ఇల్లు ఎవరిదమ్మా అంది. నాకు తిక్కరేగింది. "పీరియడ్‌కి ఒక్కటే కదా నీ రూలు, మూడు పెడతావేమిటి? నా పని చెడగొట్టడానికి కాకపోతే" అని అరిచాను.

నానమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"ఇవి నేను పెట్టినవి కావే," అంది. "వాటంతటవే వస్తున్నాయి."

మోటారు విప్పింది విప్పినట్టే ఉండిపోయింది. ఆ రోజు ఇక ఏ తీగ ఎటో నాకు గుర్తు రాలేదు.

అప్పుడు చెప్పింది. ఏడాదిగా తనకి తెలుసట. మొదటిసారి తాళంచెవి పంచదార డబ్బాలో దొరికినప్పుడు నేను చెయ్యెత్తి నవ్వుతుంటే, పోనీలే పిల్ల ఆటనుకుంటోంది అని ఊరుకుందట. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కాళ్ళు పట్టుకున్నాను. లే లే, నీ చేతుల గ్రీజంతా నా చీరకి అంటుతోంది అంది. తర్వాత నా మొహం రెండు చేతులతో పట్టుకుని ఒకే ఒక్కటి అడిగింది.

"నేనున్నంత కాలం ఎవరికీ చెప్పకు. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరందరి తప్పులూ దిద్దినదాన్ని. అయ్యో పాపం అని వాళ్ళు నా మొహం వంక చూస్తే నేను తట్టుకోలేను. నువ్వు చెయ్యెత్తు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

అదీ ఒప్పందం. ఎవరైనా వచ్చినప్పుడు ఆవిడ నోట తప్పు దొర్లితే నేను చెయ్యెత్తాలి. అది చూసి ఆవిడ, ఓహో ఏదో దొర్లింది అని గ్రహించి, వచ్చినవాళ్ళ వైపు తిరిగి "ఊ, కనిపెట్టండి" అనాలి. ఈ నాటకం అద్భుతంగా పండింది. చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళు పది నిమిషాల్లో నాలుగు తప్పులు పట్టుకుని, గాల్లో తేలుతూ వెళ్ళేవాళ్ళు. ఈ వయసులో ఎంత చురుకు, ఎంత చమత్కారం అని ఊరంతా చెప్పారు. విని ఇంకా ఎక్కువమంది వచ్చారు. నానమ్మకి మతిమరుపు ముదిరినకొద్దీ తెలివిగలదన్న పేరు ముదిరింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనా పాత శిష్యుడే. ఇవాళ ఏం వారమండీ టీచరు గారూ అన్నాడు. తెలిసి అడుగుతున్నావా, తెలియక అడుగుతున్నావా అంది ఈవిడ. పాపం తనకు తెలీకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బయటికొచ్చాక నాతో మాత్రం ఉన్నమాట చెప్పాడు. ఇది తగ్గేది కాదమ్మా, ముందు ఊళ్ళు పోతాయి, తర్వాత పేర్లు, తర్వాత మనుషులు అన్నాడు. నా పేరు ఎన్నో నంబరులో ఉందో అడగడానికి ధైర్యం చాలలేదు.

ఇలా పది నెలలు నెట్టుకొచ్చాం. అప్పుడు వచ్చి పడింది పిడుగు. స్కూల్లో కొత్త గదులు కట్టారట, వాటికి నానమ్మ పేరు పెడతారట, పాత శిష్యులంతా వస్తారట, టీచరు గారు వేదికెక్కి మాట్లాడాలట. హెడ్మాస్టరే స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆరోగ్యం బాగాలేదని చెప్పి మానిపిద్దామనుకున్నాను. నానమ్మ ఒప్పుకోలేదు. ఆరోజు బుర్ర బాగా పనిచేస్తోంది ఆవిడకి. మానేస్తే ఎందుకు మానేసిందని ఆరా తీస్తారు, అప్పుడిక దాగదు, వెళ్ళడమే మేలంది. వెళ్తే మూడొందల మంది ముందు నోరు జారితే ఏం చేస్తాం అన్నాను. నువ్వు ముందు వరసలో కూర్చో, నేను నిన్నే చూస్తూ మాట్లాడతా అంది.

ఇది చాలదన్నట్టు మా మేనత్త రెండు రోజుల ముందే దిగింది. నానమ్మ కూతురు, బ్యాంకులో మేనేజరు. ఊరు దూరం, రాక తక్కువ, వచ్చిందంటే ఇంట్లో డబ్బాలన్నిటి మూతలూ తీసి వాసన చూస్తుంది. తల్లంటే ప్రాణమే, కానీ ఆ ప్రాణం ఎదుటివాళ్ళని ఊపిరి పీల్చుకోనివ్వదు. వస్తూనే ఒక దళసరి అట్ట మీద ఉపన్యాసం టైపు చేయించి తెచ్చింది. ఇది చూసి చదివితే చాలమ్మా అంది. నానమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, అందులో ఎనిమిది చోట్ల ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి, మడిచి, ఊగుతున్న టేబులు కాలు కింద పెట్టింది. టేబులు ఊగడం ఆగింది. అత్త రెండు గంటలు మాట్లాడలేదు. ఆ ఇంట్లో అంత ప్రశాంతత నేనెప్పుడూ ఎరగను.

సభ రోజు మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. నేనూ అత్తా ముందు వరసలో పక్కపక్కనే కూర్చున్నాం. వేదిక మీద నానమ్మ, హెడ్మాస్టరు, వెనక ఒక నల్లబోర్డు. అది అలంకారానికి పెట్టారు. నానమ్మ మైకు ముందు నిలబడి నన్ను వెతుక్కుంది. కనబడ్డాక మొదలుపెట్టింది.

"ఈ స్కూల్లో నేను ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను."

చెయ్యెత్తాను. నా వెనక యాభై చేతులు లేచాయి. తప్పు టీచర్, ముప్పై ఎనిమిది టీచర్ అని కేకలు. ఎలా తెలుసు అంది. ఒక బట్టతలాయన లేచి, నేను మీ మొదటి బ్యాచి, మా అబ్బాయి మీ ఆఖరి బ్యాచి అని సంవత్సరాలతో సహా లెక్క చెప్పాడు. కూర్చో, రైటు అంది. ఆయన పదేళ్ళవాడిలా సిగ్గుపడుతూ కూర్చున్నాడు.

అంతే, సభ కాస్తా తరగతైపోయింది. ఆవిడ హెడ్మాస్టర్ని చూపించి, ఈయన ఇన్‌స్పెక్టరు గారు, గులకరాళ్ళు బాగా పేరుస్తారంది. వంద చేతులు. తన పుట్టినరోజు ఎండాకాలంలో అంది, చలికాలం టీచర్ అని ఆడవాళ్ళంతా ఒక్కపెట్టున లేచారు. మునిసిపల్ ఇంజనీరు ఒకాయన ఉత్సాహం పట్టలేక, ఆవిడ సరిగ్గా చెప్పిన దానికి కూడా తప్పు టీచర్ అన్నాడు. హాలంతా ఒక్కసారిగా బోర్డు, బోర్డు అని అరిచింది. ఆయన సూటూ బూటుతో వేదికెక్కి, ఏమీ రాయని ఆ బోర్డుని మూల మూలలా తుడిచి దిగాడు. జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు. నాకు అప్పటికి ఊపిరాడుతోంది. గట్టెక్కుతామన్న ఆశ కూడా పుట్టింది.

అప్పుడు అత్త నా మోచెయ్యి గిల్లింది. ఆవిడ నవ్వడం లేదు. వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెడుతోంది. అమ్మ రూలు పీరియడ్‌కి ఒక్కటే కదే, ఇది ఆరోది, ఏమిటి సంగతి అంది చెవిలో. ఎంతైనా ఆవిడా ఆ తరగతిలో చదివిందే. ఇవాళ స్పెషల్ క్లాసు అత్తా అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసి ఏడో వేలు సిద్ధం చేసుకుంది.

ఈ తిప్పలు చాలవన్నట్టు హెడ్మాస్టరు మైకు తీసుకున్నాడు. మంచివాడే, కానీ మంచివాళ్ళ వల్ల జరిగినంత నష్టం లోకంలో ఎవరివల్లా జరగదు. టీచరు గారిని కంటికి రెప్పలా చూసుకుంటున్న అమ్మాయి ఇక్కడే ఉంది, వేదిక మీదికి రావాలి, టీచరు గారు ఆమె గురించి ఒక్క మాట చెప్పాలి అన్నాడు. చప్పట్లు. తప్పించుకునే దారి లేదు. మెట్లెక్కి వెళ్ళి నానమ్మ పక్కన నిలబడ్డాను.

నానమ్మ ముందు వరసలో నా కుర్చీ వంక చూసింది. ఖాళీగా ఉంది. అటూ ఇటూ వెతికింది. తర్వాత పక్కకి తిరిగి నన్ను చూసింది. పొద్దున్న నేను జడ వేసిన మనిషే, నా చేత్తో టీ తాగిన మనిషే. హెడ్మాస్టరు వైపు కాస్త వంగి, నెమ్మదిగా అడిగింది.

"ఈ అమ్మాయి ఎవరు?"

నెమ్మదిగానే అడిగింది, కానీ మైకు మధ్యలోనే ఉంది. హాలు గొల్లున నవ్వింది. మళ్ళీ చేతులు లేచాయి. అయితే నానమ్మ వాళ్ళ వైపు తిరగలేదు, కనిపెట్టండి అనలేదు. నా మొహంలోకే చూస్తోంది, మర్యాదగా, కొత్తవాళ్ళని చూసినట్టు. నేను చెయ్యెత్తే చోట లేను, ఆవిడకి దొర్లిందని చెప్పేవాళ్ళు లేరు. ముందు వరసల్లో నవ్వు ఆగింది. తర్వాత వెనక వరసల్లో ఆగింది. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. అత్త కుర్చీలోంచి సగం లేచింది. ఇంకో రెండు క్షణాలైతే, ఆవిడ పది నెలలు భయపడిన ఆ అయ్యో పాపం మూడొందల నోళ్ళలోంచి వస్తుంది.

డాక్టరు చెప్పిన వరసలో నా నంబరు వచ్చేసిందని నాకప్పుడే తెలిసింది. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. జానెడు దూరంలో నిలబడి చెయ్యెత్తాను.

"తప్పు టీచర్," అన్నాను. "నేను మీ మనవరాలిని."

నానమ్మ నా చెయ్యి వంక చూసింది. ఎత్తిన చెయ్యి. ఊళ్ళు పోయాయి, పేర్లు పోయాయి, నేనూ పోయాను, కానీ ఎత్తిన చెయ్యి కనబడితే ఏం చెయ్యాలో మాత్రం ఆవిడకి పోలేదు. నడుము తిన్నగా చేసుకుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, దాని మీదుగా చూసింది.

"ఎలా తెలుసు?" అంది.

హాలంతా హమ్మయ్య అనుకుంది, ఆ ఊపిరి నాకు వేదిక మీదికి వినబడింది. మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. అత్త కూర్చుంది. ఇక నిరూపించాల్సింది నేను. మీ ఇంట్లోనే ఉంటాను టీచర్ అన్నాను. ఇంట్లో పిల్లి కూడా ఉంటుంది అంది. జనం విరగబడి నవ్వారు. మీ కొడుకు కూతుర్ని టీచర్ అన్నాను. అది చెప్పడం, నిరూపించడం కాదు అంది. చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు పెంచి, ఇవాళ సాక్ష్యాలడుగుతావా అని గట్టిగా పోట్లాడాలనిపించింది. ఆవిడ తప్పేం లేదు. నాకు తప్ప ఎవరికీ తెలీని సంగతి, ఆవిడ నిజంగానే అడుగుతోంది.

ఆవిడ కుడిచెయ్యి మైకు పట్టుకుని ఉంది. చిటికెన వేలు వంకరగా బయటికి వచ్చి ఉంది. నా కుడిచెయ్యి తీసి దాని పక్కన పెట్టాను.

"మీ చిటికెన వేలు వంకర టీచర్. మీ అబ్బాయిది కూడా వంకరే. నాదీ వంకరే, చూడండి."

నానమ్మ మైకు వదిలేసింది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేలు పక్కన వేలు పెట్టి, తిప్పి చూసింది, ఎత్తి చూసింది, వెలుతురు వైపు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ కలిపి పైకెత్తి హాలుకి చూపించింది.

"ఈ పిల్ల సరిగ్గా నిరూపించింది. ఇవాళ బెల్లు ఈ పిల్లదే."

హాలు కప్పు లేచిపోయింది. చప్పట్లు, ఈలలు, ఇంజనీరు గారైతే కుర్చీ ఎక్కాడు. నేను వెళ్ళి బెల్లు కొట్టాను. కొడుతూ ఏడ్చాను, ఏడుస్తూ కొట్టాను. సంతోషం పట్టలేక ఏడుస్తోంది పాపం అన్నారు. పోనీ, ఆ పాపం నా మీదికి వచ్చింది, ఆవిడ మీదికి పోలేదు. అత్త వచ్చి నన్ను వాటేసుకుని, అమ్మ ఏమీ మారలేదే, నిన్నెంత ఏడిపించిందో చూశావా అని తనూ కళ్ళు ఒత్తుకుంది. అత్త చిటికెన వేలేమో సూదిలా తిన్నగా ఉంటుంది. మర్నాడు ఊరెళ్ళే దాకా అది పమిట చాటునే ఉంది.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో అత్త ముందు కూర్చుని, డ్రైవరుకి దారి తెలిసినా దారి చెబుతోంది. నేనూ నానమ్మా వెనక కూర్చున్నాం. ఆవిడ నా వేలు ఇంకా వదల్లేదు. మనిషి మంచి హుషారుగా ఉంది. కాసేపటికి నా వైపు వంగి, అత్తకి వినబడకుండా మెచ్చుకుంది.

"బాగా చెప్పావు. ఏ క్లాసమ్మా నువ్వు?"

బెంచీ మీద కూర్చున్నట్టు సీట్లో తిన్నగా కూర్చున్నాను.

"ఐదో తరగతి టీచర్. మీ దగ్గరే."

అలాగా అని సంతోషపడింది. అయితే రేపు ఆలస్యం చెయ్యకు అంది.

మర్నాడు షాపు తెరవలేదు. ఆవిడ లేచేసరికి తల దువ్వుకుని మంచం పక్కన నిలబడి నమస్కారం టీచర్ అన్నాను. కూర్చో అని, మొదలుపెట్టింది. ఆ తర్వాత నానమ్మ పద్నాలుగు నెలలు బతికింది. ఆ పద్నాలుగు నెలలూ నేను ఐదో తరగతి చదివాను, ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు.